సిగ్గుపెట్టి వేయించు ఓటు

ఓటు వేయనివాని పేరును నలుగురు చూచుచోట వ్రాసి యుంచవలెనను వాదము మన విద్యావంతులలో నానాటికి ప్రబలుచున్నది. పోలింగు ముగిసిన మరునాడు ఏ పత్రికను విప్పినను నగరవాసుల సోమరితనమును గూర్చి యొక విలాపమును, దాని వెనుకనే దానికి మందుగా నొక బెదిరింపును కనబడును. ఓటు వేయనివానికి రేషను బియ్యము నిలుపుడని కొందరందురు. జుల్మానా వేయుడని కొందరందురు. ఇవన్నియు మోటు పద్ధతులు, సిగ్గు చాలును, వాని పేరు వీథిలో వ్రేలాడదీసినచో వాడే పరుగెత్తుకొని వచ్చునని మరికొందరందురు. ఈ కడపటివారు సాధుస్వభావులుగా తోతురు. మాకు మాత్రము తక్కినవారికంటె వీరివలననే యెక్కువ భయము కలుగుచున్నది.

ఇది యెవరో ప్రొద్దుపోక చెప్పిన మాట కాదు. 2022 వ సంవత్సరమున గుజరాతు శాసనసభ యెన్నికలకు ముందు అక్కడి యెన్నికల అధికారులు వందలకొలది పరిశ్రమల యజమానులతో ఒడంబడికలు చేసికొనిరి. పోలింగునాడు జీతముతోడి సెలవు తీసికొనియు ఓటు వేయని పనివాండ్రను కనిపెట్టి, వారి పేర్లను కంపెనీ నోటీసు బోర్డులపైనను వెబ్‌సైటులపైనను ప్రకటింపవలెనని ఆ యేర్పాటు. అంతకుముందే, 2009 లో, ఆ రాష్ట్ర శాసనసభ స్థానిక సంస్థల యెన్నికలలో ఓటును నిర్బంధము చేయుచు ఒక బిల్లు నామోదించియుండెను. ఒక గవర్నరు దానికి సమ్మతింపలేదు. 2014 లో మరియొక గవర్నరు సమ్మతించెను. ఓటు మానినవానికి నూరు రూపాయల జుల్మానా యని 2015 లో నియమములు వెలువడెను. ఆ యేడు ఆగస్టులోనే హైకోర్టు దానిని నిలిపివేసెను. ఆ సంవత్సరమే మార్చిలో లా కమిషనువారు తమ 255 వ నివేదికలో నిర్బంధపు టోటు మన దేశమునకు తగదని తేల్చి చెప్పిరి. చట్టము తలవాకిట ఆగిపోగా సిగ్గు దొడ్డిత్రోవను లోపలికి వచ్చినది.

సిగ్గు పక్షమువారి చేత నొక గట్టి ఆయుధము కలదు. దానిని దాచిపెట్టి వాదించుట న్యాయము కాదు గనుక మేమే చెప్పుదుము. 2006 ఆగస్టులో అమెరికాలోని మిషిగను రాష్ట్రమున, పార్టీల అభ్యర్థులను నిర్ణయించు ప్రాథమికపు టెన్నిక జరిగెను. గెర్బరు, గ్రీను, లారిమరు అను ముగ్గురు పండితులు సుమారు 1,80,000 కుటుంబములను తీసికొని, ఒక పెద్ద భాగమునకు ఏ జాబును పంపక, తక్కినవారికి నాలుగు విధములైన జాబులను పంపిరి. ఓటు వేయుట పౌరధర్మమని మాత్రము చెప్పినది మొదటి జాబు. మీరు ఓటు వేయుదురో లేదో మేము పరిశీలించుచున్నామని చెప్పినది రెండవది. గత యెన్నికలలో ఆ యింట నెవరు వేసిరో యెవరు మానిరో పట్టిక గీసి చూపినది మూడవది. నాల్గవది ఆ పట్టికకు ఇరుగుపొరుగువారి పట్టికను గూడ చేర్చి, ఎన్నిక ముగిసిన తరువాత క్రొత్త పట్టికను మరల పంపెదమని హెచ్చరించెను. అక్కడ ఎవరు ఓటు వేసిరన్నది బహిరంగమైన లెక్క గావున ఇది సాధ్యమయ్యెను. ఎవరికి వేసిరన్నది మాత్రము అక్కడను రహస్యమే. జాబు అందనివారిలో నూటికి 29.7 మంది ఓటు వేసిరి. ధర్మము చెప్పిన జాబు దానికి 1.8 మాత్రమే చేర్చెను. ఇరుగుపొరుగు పట్టిక 8.1 చేర్చి 37.8 కి లేవనెత్తెను. 2008 లో ఈ ఫలితము ప్రకటితము కాగా ఎన్నికలు నడుపుట వృత్తిగా గలవారు ఆ నాల్గవ జాబును కన్నుల కద్దుకొనిరి.

మేము దీనిని కాదనము. సిగ్గు పనిచేయును. పల్లెలో పుట్టినవానికి ఈ సంగతి తెలియుటకు మిషిగను పోనక్కరలేదు. అయితే ఆ పట్టిక కొలిచిన దేమి? ఆ యొక్క దినమున కాళ్లు బూతుదాక నడిచినవా లేదా యన్నదే. నూర్గురిలో ఎనమండుగురు అధికముగా వచ్చిరి. అరువదిరువురు ఆ జాబు అందియు ఇంటనే యుండిరి. వచ్చినవారి మనసునను రానివారి మనసునను ఆ కాగితము ఏమి మిగిల్చెనో ఆ లెక్కలో లేదు. పదేండ్ల తరువాత, 2016 జనవరి చివర, అయోవా రాష్ట్రమున అధ్యక్షపదవికి పోటీపడుచున్న టెడ్ క్రూజు పక్షమువారు అదే యుపాయమును మరింత ఘాటుగా ప్రయోగించిరి. జాబు నెత్తిన "ఓటు ఉల్లంఘన" యని సర్కారు నోటీసువలె అచ్చొత్తి, జాబు అందుకొన్నవారికిని వారి పొరుగువారికిని బడిపిల్లలకువలె మార్కులు వేసి పంపిరి. జనులు మండిపడిరి. ఆ రాష్ట్రమున ఎన్నికల వ్యవహారములు చూచు కార్యదర్శి పాల్ పేటు, క్రూజు పార్టీవాడే యయ్యును, తరచుగా ఓటు వేయకుండుట ఉల్లంఘన యనునది ఏ చట్టమునను లేదని బహిరంగముగా ఖండించెను. క్రూజు అక్కడ గెలిచినమాట నిజమే. ఆ గెలుపు జాబులవలననో, జాబులు పుట్టించిన కోపమును దాటియో యెవరును నిరూపింపజాలరు. మాకు కావలసినది ఆ గెలుపు కాదు. ఒక పౌరుని నేరస్థుని జేసి మాటాడినగాని వానిని పౌరుని జేయలేమను భావము ఆ జాబులో నున్నది. అది మాకు కావలసినది. మార్కులు గోడమీద అంటించి సిగ్గుపెట్టిన పిల్లవాడు మరుసటి పరీక్షకు వచ్చును. పుస్తకమునకు రాడు. ఇరువదియేండ్లు నల్లబల్ల యెదుట నిలిచినవారి కెవరికైనను ఇది తెలిసిన విషయమే.

సంస్కరణపక్షమున నుండువారు ఈ యుపాయమును ముచ్చటపడి చూచుట మాకు వింతగా నున్నది. సిగ్గునకును ఇరుగుపొరుగు కంటికిని మన దేశమున పాత పేరొకటి కలదు: వెలి. 1881 డిసెంబరు 11 న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతువివాహము జరిపించినపుడు దానిని అడ్డుకొనుటకు రాజదండన లేదు. చట్టము 1856 నుండియు ఆ వివాహమునకు అనుకూలముగానే యుండెను. అడ్డుకొన్నది శ్రీముఖము. ఎవరెవరు ఆ పెండ్లికి పోయిరో, ఎవరెవరు అక్కడ తినిరో పేర్లు కట్టి, వారి యింట నిప్పు నీళ్లు పుచ్చుకొనరాదని పంపిన జాబు. ఆ జాబు పనిచేసినదా? దివ్యముగా పనిచేసినది. ముందు మాట యిచ్చినవారు పలువురు వెనుకకు తగ్గిరి; కొందరు ప్రాయశ్చిత్తములు చేయించుకొనిరి. నూటికెంతమంది లొంగిరో లెక్క గట్టియున్నచో మిషిగను లెక్కను మించియుండును. అంతమాత్రమున శ్రీముఖము మంచి సాధనమని వీరేశలింగముగారు ఒప్పుకొని, తామును ఒక శ్రీముఖమును అచ్చువేయించి పెండ్లికి రానివారి పేర్లు ప్రకటించిరా? ఆయన వ్యాసములు వ్రాసిరి, ఉపన్యసించిరి, ప్రహసనములతో పరిహసించిరి. పరిహాసము వేరు, వెలి వేరు. పరిహాసము విన్నవాడు నవ్వి ఊరకుండవచ్చును. వెలి పడినవానికి ఆ స్వేచ్ఛ లేదు.

మన శాసనకర్తలు ఈ తేడాను బాగుగనే యెరిగియుండిరి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్యచట్టము 123 వ సెక్షను అనుచిత ప్రభావమును నిర్వచించుచు, ఓటరును సాంఘిక బహిష్కారముతోను, కులమునుండి వెలితోను, దైవాగ్రహముతోను బెదరించుటను ఎన్నికను కొట్టివేయదగిన దుర్మార్గములలో జేర్చినది. అభ్యర్థియు వాని మనుష్యులును చేసినచో నేరమైన పనిని, ప్రజాస్వామ్యహితము పేరున నోటీసు బోర్డు చేసినచో పుణ్యమగునా? 2013 సెప్టెంబరు 27 న సుప్రీము కోర్టు ఇచ్చిన తీర్పును గూడ ఇక్కడ తలచుకొనవలెను. అంతకుముందు, బూతునకు వచ్చి, ఏ అభ్యర్థికిని ఓటు వేయనొల్లనని చెప్పినవాని సంగతిని అధికారి రిజిస్టరులో వ్రాసికొని సంతకము చేయించుకొనెడివాడు. కాదన్నవాని పేరు అందరి యెదుటను వెల్లడి యగుట రహస్యభంగమని కోర్టు త్రోసివేసి, యంత్రముమీదనే "నోటా" మీటను పెట్టించినది. కాదనుటకు గూడ చాటు కావలెనని దేశపు పెద్దకోర్టు చెప్పిన పదియేండ్లలోపలనే, రానివాని పేరు బోర్డున కెక్కింపుమని ఒడంబడికలు వ్రాసికొనుచున్నాము.

ఇప్పుడు మా పలనాటికి వత్తము. పలనాటి పౌరుషమను మాటను పత్రికలవారు ప్రతి యెన్నికకును బూజు దులిపి తెత్తురు. కారెమపూడిని, కోడిపందెమును, నాగమ్మను, బ్రహ్మనాయుని ఒక వాక్యమున గుప్పింతురు. మాకు విని విని విసుగైనది. పండ్రెండవ శతాబ్దపు యుద్ధము నేటి బూతునకు కారణము కాదు. నేటి బూతునకు నేటి కారణములే చాలును.

పోలింగు తక్కువయను రోగము మాకు లేదు. 2024 మే 13 న హైదరాబాదు లోక్‌సభ స్థానమున నూటికి 48 మందియే ఓటు వేయగా, ఆ దినముననే ఆంధ్రప్రదేశ్ మొత్తమున 80 ని మించినది. మా పల్లెలకు హైదరాబాదునుండియు బెంగుళూరునుండియు బస్సులకొలది జనులు దిగిరి. విజయవాడ రహదారిపై టోలుగేటులవద్ద బండ్ల బారులను దేశమంతయు చూచినది. అందులో సొంత యుత్సాహముతో వచ్చినవారు వేలకొలది యుండిరి. వారిని తక్కువచేయుట మా యుద్దేశము కాదు. కాని అంత పోలింగు జరిగిన ఆ దినమే మాచర్ల నియోజకవర్గమున, రెంటచింతల మండలములోని పాల్వాయిగేటు బూతులో, ఆనాటి శాసనసభ్యుడే లోనికి వచ్చి ఓటుయంత్రమును నేలకేసి కొట్టుట కెమెరా కంటబడినది. నరసరావుపేటలోను గురజాల ప్రాంతమునను తలలు పగిలినవి. మూడు దినములు గడువకముందే ఎన్నికల సంఘము జిల్లా పోలీసు సూపరింటెండెంటును సస్పెండు చేసి, కలెక్టరును బదిలీ చేసినది. ఓటర్ల సంఖ్య ప్రజాస్వామ్యమునకు నాడి యనువారు ఆ దినమున మా జిల్లా నాడి పట్టిచూచిన, రోగి దివ్యముగా నున్నాడనియే చెప్పియుందురు.

సామ దాన భేద దండములని మన నీతిశాస్త్రజ్ఞులు చెప్పిన నాలుగు ఉపాయములలో సామమొక్కటి తప్ప మూడును మా యెన్నికలలో మూలమూలలను కనబడును. దానము కవరులో వచ్చును. దానివెంట పసుపుకుంకుమలమీద ఒట్టును వచ్చును. భేదము కులపెద్దల సమావేశములలో జరుగును. దండమును గూర్చి చెప్పనక్కరలేదు. వీనికి తోడుగా నిపుడు సిగ్గు కావలెనట! అది మా యొద్ద ఎన్నడును తక్కువ కాలేదే. పోలింగు జరుగుచుండగా ప్రతి పార్టీ ఏజెంటును తన యోటర్ల జాబితాలో వచ్చినవారి పేరునకు గీత పెట్టుచుండును. మధ్యాహ్నము రెండు గంటలకు గీతపడని పేర్లు బయటికి పోవును. మూడు గంటలకు ఆటో ఇంటిముందు నిలుచును. "ఏంది బాబాయ్, మీ ఇంట్లో ఇంకా రెండు ఓట్లు పడలా?" అని అడుగుదురు. ఆ బాబాయి యను పిలుపు ఎంత మెత్తనో దాని వెనుకనున్న జాబితా అంత గట్టిది. మిషిగను పండితులు వేల జాబులు పంపి కనుగొన్న రహస్యమును మా వార్డు కార్యకర్త తపాలాబిళ్ల ఖర్చు లేకుండ అనుదినము ప్రయోగించుచున్నాడు.

ఆ బలమే మరియొకప్పుడు ఏమి చేసినదో చూడుడు. 2021 మార్చిలో పురపాలక సంఘముల యెన్నికలు జరిగినపుడు మాచర్లలోను పిడుగురాళ్లలోను వార్డులన్నియు ఏకగ్రీవములైనవి. ఆ రెండు పట్టణములలో పోలింగు బూతు తెరువనే లేదు, నూటికి సున్న. వేలకొలది జనులుండు వ్యాపారపు టూళ్లలో, సున్నపుబట్టీలలోను రాతిగనులలోను గిట్టుబాటు కూలి కొరకు పదిమంది పదిమాటలు చెప్పుచోట, వీథి దీపమును గూర్చి గాని, మురుగుకాలువను గూర్చి గాని భిన్నాభిప్రాయము గలవాడొక్కడును లేకపోయెనట. ఆ యెన్నికల ప్రక్రియ 2020 మార్చిలో మొదలైనపుడే ప్రతిపక్ష నాయకుల కారుపై మాచర్ల నడివీథిలో దాడి జరుగుట లోకమెల్ల చూచియున్నది. పంచాయతీ యెన్నికలలోనైతే ఏకగ్రీవమునకు సర్కారే బహుమతి ప్రకటించినది: గ్రామ జనసంఖ్యను బట్టి 5 లక్షలనుండి 20 లక్షలవరకు. అనగా, ఓటు వేయుట పవిత్రధర్మమని ఒక చేత జాబు పంపుచు, ఓటు లేకుండ కానిచ్చుకొన్నచో పారితోషికమని రెండవ చేత చూపుట! ఏ పార్టీ యేలుబడిలో నున్నను ఏకగ్రీవములపై మక్కువ తగ్గుట మేము చూడలేదు.

మా వాదమునకు మూలమిక్కడనే యున్నది. ఒక యేడు మనుష్యుని ఇంటినుండి బూతునకు ఈడ్చినదియు, మరియొక యేడు వానిని నామినేషను వేయకుండ ఇంట కూర్చుండబెట్టినదియు ఒకే చేయి. ఒత్తిడికి ఓటుమీద ప్రేమ లేదు, విధేయతమీదనే ప్రేమ. దానికి లొంగి ఓటు వేయ నలవాటుపడినవాడు దానికి లొంగి ఓటు మానుటకును అలవాటుపడియే యుండును. కాబట్టి ఒత్తిడి ఓటరును ప్రోత్సహించునా, విముఖుని జేయునా యను ప్రశ్నకు మా జిల్లా యిచ్చు సమాధానము మిషిగను సమాధానముకంటె చిక్కైనది: కాళ్లను ప్రోత్సహించును, మనసును విముఖము చేయును, రెండును ఒకే మనుష్యునియందు ఒకే దినమున జరుగును. వాడు నూటికి ఎనుబది మందిలో నొకడుగా లెక్కకు వచ్చుచునే, ఇది నా పని కాదు, వారి పని, వారి బండిలో పోయి వచ్చితిని అనుకొనుచుండును.

వచ్చినవాడెవడో తెలిసినంత మాత్రమున ఏమి, ఎవరికి వేసినదియు రహస్యమే గదా యని మిత్రులందురు. పట్టణమున ఆ మాట చెల్లవచ్చును. పల్లెలో ఆ రెంటి నడుమ గోడ మిక్కిలి పలుచన. ఓటుయంత్రములు వచ్చిన తరువాత ఫలితము బూతులవారీగా బయటపడుచున్నది. 20 వ నంబరు ఫారము చూచిన యెవ్వడైనను చెప్పగలడు. పల్లెలో బూతనగా ఒక వాడ. కొన్ని యెడల ఒక కులము. అచట వేయి ఓట్లలో తొమ్మిదివందలు ఒక గుర్తునకు పడినచో, ఆ వాడవారి రహస్యమునకు మిగిలినదేమి? కాగితపు ఓట్ల కాలమున పెట్టెలనుండి తీసిన చీట్లను కలిపి లెక్కించు నియమ ముండెను. అట్లే పదునాలుగు యంత్రములను కలిపి ఒక్క మొత్తముగా చూపు సాధనమును, టోటలైజరు అనుదానిని, ఎన్నికల సంఘమువారు 2008 లోనే ప్రతిపాదించిరి. లా కమిషనువారును 2015 లో బలపరచిరి. కేంద్రప్రభుత్వము సమ్మతింపనందున అది అమలునకు రాలేదు. ఫలితము తెలిసిన పిదప ఏ వాడకు నీళ్లు రావో, ఏ వాడవారు ఊరు విడువవలసి వచ్చునో మాకు తెలియును. 2019 ఎన్నికల తరువాత దుర్గి మండలపు ఆత్మకూరునుండియు ఇతర గ్రామములనుండియు వెడలిపోయిన కుటుంబములు గుంటూరులో శిబిరమున తలదాచుకొనగా, సెప్టెంబరు 11 న వారిని ఊరు చేర్చుదుమని "చలో ఆత్మకూరు" పిలుపు, దానికి పోటీపిలుపు, నాయకుల గృహనిర్బంధము అన్నియు నడిచెను. ఇట్టిచోట "మీరు వచ్చితిరో లేదో మాకు తెలియును" అను వాక్యమును ఏ సదుద్దేశముతో అచ్చువేసినను, చదువువాడు దానిని "మీరెవరికి వేసితిరో మాకు తెలియును" అనియే చదువును.

ఇంగ్లీషు చదివిన మా తరమువారికి మిల్లుగారు ఆరాధ్యులు. ఆయన 1861 లో ప్రతినిధి ప్రభుత్వమును గూర్చి వ్రాయుచు రహస్యపు టోటును వ్యతిరేకించిరి; ఓటు సొంత ఆస్తి కాదు, లోకహితము కొరకు అప్పగింపబడిన బాధ్యత, గావున లోకము కంటి యెదుటనే వేయవలెనని వాదించిరి. స్వేచ్ఛను గూర్చిన గ్రంథమున సంఘము చేయు దౌర్జన్యమును అంతగా తూలనాడిన మహానుభావుడే రెండేండ్లలో ఈ మాట యనుట చిత్రము. ఇంగ్లండు ఆయన మాట వినక 1872 లో రహస్యపు టోటును స్వీకరించినది. భూస్వామి కంటియెదుట ఓటు వేయు కౌలుదారు లోకహితమును గాక కౌలునే తలచునని అక్కడివారు అనుభవముచే గ్రహించిరి.

ఇంతకంటె మాకు నేరుగా తగులునది సంకల్పపత్రముల సంగతి. ఎన్నికలు రాగానే బడిపిల్లలచేతికి ఒక కాగితము వచ్చును. మా యింటివారు తప్పక ఓటు వేయుదురని తల్లిదండ్రులచేత సంతకము చేయించి పిల్లవాడు మరల పంతులునకు ఈయవలెను. ఇది దేశమంతట పదేండ్లకు పైగా నడుచుచున్న పద్ధతి. చేయువారి మనసు మంచిదే. ఎన్ని వచ్చినవో లెక్క పంపవలసిన పంతులు మనసు మాత్రము లెక్కమీదనే యుండును. ఒకమారు ఒక బాలిక తల్లి స్వయముగా బడికి వచ్చి, కాగితము చేతబట్టుకొని, "పంతులుగారూ, ఇది ఎవరి చేతికి పోద్ది?" అని మాత్రము అడిగెను. ఏ పార్టీవారి చేతికిని పోదని చెప్పితిమి. ఆమె సంతకము పెట్టినది. నమ్మి పెట్టినదా, కూతురు తరగతిలో చిన్నబోవునని పెట్టినదా? ఆ యడుగుటలోని భయము ఆ కాగితము పుట్టించినది కాదు. కాని కాగితము దానిని తాకినది. తల్లిదండ్రులను బిడ్డ ముఖము చూపి సిగ్గుపరచి మాట తీసికొనుట మాకు రుచింపదు. పిల్లవానికి ఎన్నిక యనగా నేమో, చాటు ఎందుకు పెట్టుదురో, ఓడినవాడు ఊరిలో ఎట్లు బ్రతుకవలెనో చెప్పుట మా పని. వానిని వసూలుదారుని చేయుట మా పని కాదు.

ఆస్ట్రేలియా మాట యెత్తకున్న ఎదుటిపక్షమువారు ఊరుకొనరు. అక్కడ 1924 నుండి ఓటు నిర్బంధమే, మానినవానికి 20 డాలర్ల జుల్మానా, నూటికి తొంబదిమంది వత్తురు, దేశము మునుగలేదు. నిజమే. అయితే రహస్యపు టోటును లోకమునకు నేర్పినదియు ఆస్ట్రేలియాయే: విక్టోరియాలో 1856 లోనే అది యమలయ్యెను. ముందు చాటు కట్టి, అరువదియెనిమిదేండ్లు దానికి జనులను అలవాటు చేసి, ఆ తరువాత చట్టము చేసిరి. ఆ చట్టమైనను పొరుగువాని నాలుకకు అప్పగింపలేదు. మానినవానికి కార్యాలయమునుండి ఒక ఉత్తరము వచ్చును; తగిన కారణము చెప్పుకొన్నచో విడిచిపెట్టుదురు; లేనిచో జుల్మానా కట్టి రసీదు పుచ్చుకొనును. అంతటితో సరి. వాని పేరు ఏ గోడమీదను ఎక్కదు. చట్టపు దండనకు హద్దును అప్పీలును కలవు. సిగ్గునకు ఆ రెండును లేవు. మేము నిర్బంధపు టోటును కోరము. కాని ఆ రెంటిలో ఒకటి తప్పదన్నచో జుల్మానానే యెంచుకొందుము.

మరి హైదరాబాదున ఇంట గూర్చున్న సగముమంది మాటేమి? వారిలో నిజమైన సోమరులును కలరు, ఒప్పుకొందుము. కాని ఒకే మనుష్యునికి పల్లెలో నొకటి, పట్టణమున నొకటి పేరు జాబితాలో నుండుట, ఇల్లు మారినవాని పేరు పాత పేటలో చిక్కుకొనుట, చనిపోయినవారు తొలగకుండుట, ఇవి ఎరుగనివారెవరు? సగము రాలేదన్న లెక్కలో ఎంత సోమరితనమో, ఎంత జాబితా పొరపాటో విడదీయకుండ జనులను తిట్టుట పాఠము చెప్పకుండ పరీక్ష పెట్టుటవంటిది. సెలవు ఇచ్చితిమని కాగితముమీద వ్రాసి పనికి రమ్మను చిన్న దుకాణములను, ఇళ్లలో పనిచేయు స్త్రీలను, మెట్లెక్కలేని వృద్ధులను గూర్చి బోర్డులు పెట్టినవా రెవరును లేరు.

జాబులే వలదని మేమనము. అమెరికాలోనే మరియొక పండితుడు, పనగోపౌలసు అనునాతడు, గతమున ఓటు వేసినందులకు కృతజ్ఞత చెప్పు జాబులు పంపి చూడగా, వానిచేతను పోలింగు పెరిగినది. ఇరుగుపొరుగు పట్టిక పెంచినంత కాదు, తక్కువే. ఆ తక్కువతో తృప్తిపడుట మాకు సమ్మతము. రేపు సంకల్పపత్రమునకు బదులు పిల్లవాని చేతికి ఒక కాగితమిచ్చి పంపు స్వేచ్ఛ మాకు దొరికినచో దానిమీద సంతకమునకు చోటు ఉంచము. మీ బూతు ఎక్కడ, ఏ వేళకు తెరుతురు, ఏ గుర్తింపుకార్డు తీసికొనిపోవలెను, జాబితాలో పేరు లేకున్న ఎవరి నడుగవలెను, నడువలేనివారికి ఏ సదుపాయము కలదు అని వ్రాయుదుము. పోయినసారి వచ్చి బారులో నిలిచినందులకు కృతజ్ఞతయు వ్రాయుదుము. దాని క్రింద పెద్ద యక్షరములతో, మీరు ఎవరికి వేసినదియు ఎవ్వరికిని తెలియదు అని వ్రాయవలెనని యున్నది; కాని టోటలైజరు వచ్చినంతవరకు పలనాటి పల్లెలో ఆ వాక్యమును పిల్లవానిచేత పంపుటకు మాకు ధైర్యము చాలదు.